కాటన్ టాప్‌కి చేతులు మార్చుకోవాలంటే ముందు చంక కొలవండి

అల్లుతున్న టాప్‌కి చేతులు ప్యాటర్న్‌లో (చూసి అల్లే రాతలో) ఉన్నట్టు కాకుండా మార్చుకోవచ్చా అని అడిగారు. కుదురుతుంది. బాడీ అయిపోయింది, భుజాలు కలిపేశారు, చేతులు ఇంకా మొదలుపెట్టలేదు అంటున్నారు కాబట్టి మార్చుకోవడానికి ఇదే సరైన సమయం కూడా. మిగతావాళ్ళకీ అర్థమయ్యేలా మీ సంగతి ఒకసారి చెప్తాను. మీరు ఉండేది నెల్లూరులో. నాలుగు పోగుల కాటన్ దారంతో, 3.75 మి.మీ. సూదుల మీద వేసవి టాప్ అల్లుతున్నారు. 4 అంగుళాలకు 22 కుట్లు, 30 వరసలు వస్తున్నాయి. బాడీ కింద నుంచి గుండ్రంగా అల్లుకుంటూ వచ్చి, చంక దగ్గర రెండు వైపులా ఎనిమిదేసి కుట్లు మూసేసి, అక్కణ్ణుంచి ముందు భాగం, వెనక భాగం విడిగా 60 వరసలు అల్లి భుజాలు కలిపారు. ప్యాటర్న్‌లో ఉన్న చేతులు మోచేతి దాకా వస్తాయి, చుట్టుకొలత 12.5 అంగుళాలు. మీ జబ్బ చుట్టు 13.5. పొట్టిగా, వదులుగా చేసుకోవచ్చా, లేసు డిజైన్ పెట్టుకోవచ్చా, మిగిలిన రెండు 50 గ్రాముల ఉండలు సరిపోతాయా అన్నది మీ ప్రశ్న.

చేతులు మార్చాలి అనగానే అందరి ఆలోచనా పొడవు మీదికే పోతుంది. నిజానికి పొడవు అన్నిటికంటే తేలిక, ఆఖర్న నాలుగు రౌండ్లు ఎక్కువ అల్లుతామో తక్కువ అల్లుతామో అంతే. మే నెలలో ఆ టాప్ వేసుకుని బజారుకు పోయి రాగలరా లేదా అన్నది తేల్చేవి రెండే కొలతలు. ఒకటి చంక లోతు, రెండోది జబ్బ దగ్గర లూజు. ఈ రెండూ కుదిరాక పొడవు మీ ఇష్టం. ఇవి కుదరకపోతే ఎంత పొట్టి చేయి పెట్టినా చంకలో ఒరుసుకుంటూనే ఉంటుంది.

ముందు లూజు సంగతి. ప్యాటర్న్ రాసినవాళ్ళు ఛాతీ కొలతను బట్టి సైజు ఇస్తారు, ఆ సైజుకి సగటు జబ్బ ఇంత ఉంటుందని లెక్కేసి చేయి పెడతారు. మన ఆడవాళ్ళలో ఛాతీ 36 ఉన్నవాళ్ళకే జబ్బ 12 ఉండొచ్చు, 14 ఉండొచ్చు. జాకెట్లు కుట్టే టైలర్లకు ఇది బాగా తెలుసు, అందుకే చేయి లూజు విడిగా కొలుస్తారు. మీరూ అట్లాగే కొలవండి. చేయి వేలాడేసి కాకుండా, మోచేయి మడిచి, బస్సులో పైన రాడ్ పట్టుకున్నట్టు సగం ఎత్తి, జబ్బ ఎక్కడ లావుగా ఉంటే అక్కడ టేపు పెట్టాలి. మీరు రాసిన 13.5 వేలాడేసినప్పటి కొలత అయితే ఇంకో అర అంగుళం పెరగొచ్చు, ఒకసారి చూసుకోండి.

ఊలు స్వెట్టర్ అయితే చేయి కొలతకు అంగుళం కలిపినా నడుస్తుంది, ఎందుకంటే ఊలు సాగి మళ్ళీ మూసుకుంటుంది. కాటన్‌కి ఆ గుణం లేదు. సాగితే సాగినట్టే ఉండిపోతుంది, బిగుతుగా ఉంటే చర్మానికి అతుక్కుంటుంది. పైగా మన నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఎండతో పాటు సముద్రం తేమ. చెమట ఆరదు. కాటన్ ఆ చెమటను పీల్చుకుంటుంది, అది మంచిదే, కానీ తడిసిన కాటన్ బరువెక్కి నెమ్మదిగా ఆరుతుంది. గుడ్డకీ చర్మానికీ మధ్య గాలి ఆడే జాగా ఉంటేనే అది ఆరేది. అందుకని నేను మన ఊళ్ళ వేసవికి జబ్బ కొలత మీద 2 అంగుళాలకు తక్కువ లూజు ఎవరికీ చెప్పను. మీకు 15.5 అంగుళాలు పెట్టుకుందాం.

సన్న దారం వాడితే సరిపోదా, అంత లూజు ఎందుకు అని కొందరు అడుగుతారు. వెంకటగిరి చీర చల్లగా ఉంటుందంటే అందులో నేసేది 100 కౌంటు నూలు. కౌంటు అంటే ఒక పౌండు బరువు నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తాయన్న లెక్క. 100 కౌంటు అంటే ఒక పౌండుకు 84,000 గజాలన్నమాట. చేత్తో అల్లే దారం దాని దరిదాపుల్లోకి కూడా రాదు. మీరు వాడే నాలుగు పోగుల దారం, అందులో ఎంత సన్నరకం తీసుకున్నా, నేత నూలుకు ఎన్నో రెట్లు లావు. కాబట్టి అల్లిక టాప్‌కి చల్లదనం దారం సన్నదనం నుంచి రాదు. కుట్టుకీ కుట్టుకీ మధ్య ఉన్న సందు నుంచి, ఒంటికీ గుడ్డకీ మధ్య వదిలిన జాగా నుంచి వస్తుంది. చేతుల దగ్గర ఆ జాగా మన చేతిలో ఉన్న పని.

ఇప్పుడు చంక లోతు. ఇక్కడ ఒక పని చేయకుండా చేతులు మొదలుపెట్టొద్దని గట్టిగా చెప్తున్నాను. అల్లిన బాడీని ఒకసారి ఉతకండి. చేతులు లేకుండానే. గోరువెచ్చని నీళ్ళలో కొంచెం షాంపూ వేసి అరగంట నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తి నీళ్ళు తీసేయండి. నులక మంచం మీద పాత చీర పరిచి, దాని మీద ఆరేయండి, నీడలో. నులక సందుల్లోంచి కింద గాలి ఆడుతుంది కాబట్టి మన ఎండలకు సాయంత్రానికి ఆరిపోతుంది. ఆరాక హ్యాంగర్‌కి తగిలించి ఒక రాత్రి వదిలేయండి. కాటన్ అల్లిక తన బరువుకు తానే కిందికి సాగుతుంది. ముఖ్యంగా వరసలు సాగుతాయి, అడ్డం అంతగా సాగదు. మీ 60 వరసలు లెక్క ప్రకారం 8 అంగుళాలు రావాలి. హ్యాంగర్ నుంచి తీశాక భుజం జాయింటు నుంచి చంక దాకా నిలువుగా కొలవండి. 8 ఉందా, 8.25 ఉందా, ఇంకా ఎక్కువ ఉందా చూడండి.

మీ ఒంటి మీద ఎంత కావాలో కూడా తెలియాలి. బాగా అమరిన జాకెట్టో, కుర్తీనో తీసుకుని బల్ల మీద పరచి, భుజం అంచు నుంచి చంక దాకా నిలువుగా కొలిచి, దానికి అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం కలపండి. అల్లిక నేసిన గుడ్డ కంటే మందం కాబట్టి ఆ మాత్రం కావాలి. జాకెట్‌లో 7.25 ఉంటే టాప్‌కి 8 చాలు.

చంక ఎంత లోతుగా ఉంటే అంత హాయి అనుకుంటారు చాలామంది. అది తప్పు. చంక కిందికి జారేకొద్దీ చేతికి, బాడీకి అతుకు కూడా కిందికి జారుతుంది. అప్పుడు చేయి ఎత్తితే చేయి ఒక్కటే లేవదు, పక్క భాగం మొత్తాన్ని లాక్కుని లేస్తుంది. బస్సులో రాడ్ పట్టుకోగానే టాప్ అంచు నడుము మీదికి వచ్చేస్తుంది. చంక శరీరానికి దగ్గరగా, చేయి మాత్రం వదులుగా ఉంటే చేయి ఎంత పైకెత్తినా టాప్ ఉన్నచోటే ఉంటుంది. చంక ఎత్తుగా, జబ్బ లూజుగా ఉండాలి. ప్యాటర్న్‌లు చాలాసార్లు దీనికి తలకిందులుగా, చంక లోతుగా, చేయి సన్నగా ఇస్తాయి.

ఉతికి తగిలించాక మీ చంక 8.5 దాటితే బాధపడకండి. మీది కింద నుంచి పైకి అల్లింది కాబట్టి ఆఖరి వరసలు భుజం దగ్గరే ఉన్నాయి. భుజం జాయింటు విప్పి, ముందు, వెనక నాలుగేసి వరసలు పీకి, మళ్ళీ కలుపుకోవచ్చు. మెడ వంపు భుజం దాకా వచ్చిందేమో చూసుకుని, అక్కడ తగ్గించిన కుట్లు ఏ వరసలో తగ్గించారో కాగితం మీద రాసుకున్నాకే పీకండి. నాలుగు వరసలంటే అర అంగుళం. ఒక గంట పని, కానీ టాప్ మొత్తం తీరు మారిపోతుంది.

ఇక చేయి. విడిగా అల్లి చంకలో కుట్టడం కంటే, చంక చుట్టూ కుట్లు ఎత్తుకుని, అంటే అల్లిన అంచులోంచి సూదితో కొత్త కుట్లు లాక్కుని, పై నుంచి కిందికి అల్లడమే మీకు మంచిది. ఎప్పటికప్పుడు వేసుకుని చూసుకోవచ్చు, నచ్చకపోతే ఆ చేయి ఒక్కటే పీకేయొచ్చు, దారం ఎంత ఖర్చవుతుందో ముందే తెలిసిపోతుంది.

మీ గేజ్‌లో, అంటే మీ చేతి అల్లిక లెక్కలో, అంగుళానికి 5.5 కుట్లు, 7.5 వరసలు. అంటే నాలుగు వరసల ఎత్తుకి సుమారు మూడు కుట్ల వెడల్పు. అందుకని చంక అంచు వెంబడి మూడు వరసల్లో ఒక్కో కుట్టు ఎత్తుకోండి, నాలుగో వరస వదిలేయండి, మళ్ళీ మూడు ఎత్తండి. ప్రతి వరసలోనూ ఎత్తితే చేయి చంక దగ్గర కుచ్చులు వస్తుంది, రెండు వరసలకు ఒకటి ఎత్తితే బిగిసిపోతుంది. ముందు 60, వెనక 60, మొత్తం 120 వరసలకు 90 కుట్లు. చంక కింద మూసేసిన 8 కుట్లలో ఒక్కదాన్నీ వదలకుండా ఎత్తాలి. మొత్తం 98. మొదలు చంక మధ్యలో పెట్టుకోండి, అంటే 4 కుట్లు కింద, 45 పైకి భుజం దాకా, 45 కిందికి, మళ్ళీ 4. భుజం జాయింటు దగ్గర ఒక పిన్నీసు గుర్తు పెట్టుకోండి.

ఎత్తేటప్పుడు అంచు కుట్టుని పూర్తిగా, రెండు కాళ్ళూ (కుట్టుకి అటూ ఇటూ ఉండే రెండు పోగులూ) కలిపి పట్టుకోండి. ఒక కాలు మాత్రమే పట్టుకుంటే కాటన్‌లో అక్కడ చిల్లులు కనబడతాయి. చంక మూలలు రెండు చోట్ల, నిలువు అంచు అడ్డం అంచుకు కలిసే దగ్గర, పెద్ద సందు వస్తుంది. అక్కడ ఒక్కో కుట్టు అదనంగా ఎత్తుకుని, తర్వాత పూర్తి రౌండు వచ్చినప్పుడు దాన్ని పక్క కుట్టుతో కలిపి అల్లేస్తే సందు మూసుకుపోతుంది. చంకలో ఉన్న ఆ చిన్న సందే రోజూ ఒరుసుకుని మొదట చిరిగేది, అందుకే ఇంతగా చెప్తున్నాను.

98 కుట్ల మీద నేరుగా గుండ్రంగా అల్లుకుంటూ పోతే చేయి గొట్టంలా పక్కకు నిలబడుతుంది, చేయి దించగానే చంక కింద మడతలు పడతాయి. భుజం మీద ఎక్కువ గుడ్డ, చంక కింద తక్కువ గుడ్డ ఉండాలి. దానికి భుజం మీద మాత్రమే అటూ ఇటూ తిరిగే పొట్టి వరసలు అల్లాలి, షార్ట్ రోస్ అంటారు. మొదలు నుంచి నిట్ (సాదా కుట్టు) చేసుకుంటూ చంక కింది 4, పైకి 45, భుజం గుర్తు దాటి ఇంకో 15 అల్లండి. అక్కడ తిప్పండి. పర్ల్ (ఉల్టా కుట్టు) చేస్తూ వెనక్కి 30 కుట్లు, అంటే భుజానికి అటు 15, ఇటు 15. మళ్ళీ తిప్పండి. ఇక్కడి నుంచి ప్రతిసారీ, ఇంతకుముందు తిప్పిన చోటు దాటి ఇంకో 3 కుట్లు అల్లి తిప్పుతూ పోవాలి. పది సార్లు అటు, పది సార్లు ఇటు తిప్పేసరికి చంక కింది 8 కుట్ల దాకా వస్తారు. 20 వరసలు, రెండున్నర అంగుళాల పైచిలుకు వంపు వస్తుంది.

తిప్పే దగ్గర చిల్లు పడకుండా ఉండాలంటే జర్మన్ పద్ధతి కాటన్‌కి బాగుంటుంది. తిప్పాక దారం ముందుకు తెచ్చి, మొదటి కుట్టుని అల్లకుండా జార్చి, దారాన్ని సూది మీదుగా వెనక్కి గట్టిగా లాగండి. ఆ కుట్టు రెండు కాళ్ళతో పైకి వస్తుంది. తర్వాత వరసలో దాని దగ్గరికి వచ్చినప్పుడు రెండు కాళ్ళనూ ఒకే కుట్టుగా అల్లేయాలి. కుట్టు చుట్టూ దారం చుట్టే పాత పద్ధతి ఊలులో కనబడదు కానీ కాటన్‌లో ముడుల్లా తేలుతుంది.

మీ భుజం జాయింటు ఎముక దాటి జబ్బ మీదికి కొంచెం జారి ఉంటేనే ఈ మూడేసి కుట్ల లెక్క. జాయింటు సరిగ్గా ఎముక మీదే కూర్చుంటే వంపు ఇంకా లోతు కావాలి, అప్పుడు రెండేసి కుట్లు దాటి తిప్పండి, 30 వరసలు, 4 అంగుళాలు వస్తుంది. ఎట్లా ఉందో తెలియాలంటే అద్దం ముందు వేసుకుని చూడడమే. కుట్లు మూయకుండా, సూది మీంచి వేరే రంగు దారంలోకి ఎక్కించి వేసుకోండి. దారం చేతి చుట్టూ సర్దుకుంటుంది, సూది సర్దుకోదు, కాబట్టి అసలు లూజు అప్పుడే తెలుస్తుంది.

వంపు అయ్యాక అన్ని కుట్ల మీదా పూర్తి రౌండు అల్లండి. 98 కుట్లంటే దాదాపు 17.8 అంగుళాలు, మనకు కావాల్సింది 15.5. ఆ తేడాని చంక కింద, మొదలు గుర్తుకి అటూ ఇటూ తగ్గించుకోవాలి. రౌండు మొదట్లో ఒక కుట్టు అల్లి, తర్వాత రెండు కలిపి ఒకటి చేయండి. రౌండు చివర మూడు మిగిలినప్పుడు, రెండు కుట్లు ఒక్కొక్కటిగా జార్చుకుని వెనక కాళ్ళ నుంచి కలిపి అల్లి, ఆఖరి కుట్టు మామూలుగా అల్లండి. రౌండు విడిచి రౌండు ఇట్లా ఆరుసార్లు. 12 కుట్లు పోయి 86 మిగులుతాయి, 15.6 అంగుళాలు. ఈ తగ్గింపు అంతా చంక కిందే ఉండాలి. ప్యాటర్న్‌లో చేయి పొడవునా పరిచి తగ్గిస్తారు, పొట్టి చేతికి అది పనికిరాదు. చంక దగ్గర అనవసరమైన గుడ్డ పోవాలి, జబ్బ మీద లూజు మిగలాలి.

ఆరుసార్లు తగ్గించేసరికి చంక కింద 12 రౌండ్లు, అంగుళంన్నర పైన అయి ఉంటుంది. ఇక్కడ మళ్ళీ వేసుకుని చూడండి. ఇప్పుడు పొడవు గురించి మాట్లాడుకోవచ్చు.

పొడవు మీరు ఎక్కడ తిరుగుతారన్న దాన్ని బట్టి ఉంటుంది. కనిగిరి, పొదిలి వైపు పొడి ఎండ, వడగాలి. అక్కడ చర్మాన్ని ఎండకు వదిలేయడం కంటే వదులుగా కప్పుకోవడమే మేలు, మోచేయి దాటిన చేయి కూడా సుఖంగానే ఉంటుంది. మన కోస్తా వైపు అట్లా కాదు, తేమ గాలిలో మోచేతి మడతలో గుడ్డ తగిలితే అక్కడే చెమట నిలబడుతుంది. నెల్లూరులో వేసుకునేదానికి చేయి మోచేతికి కనీసం 3 అంగుళాల పైన ఆగిపోవాలి. ఇంకొకటి, జబ్బ ఎక్కడ లావుగా ఉందో సరిగ్గా అక్కడే అంచు ఆపితే చేయి ఉన్నదానికంటే లావుగా కనబడుతుంది, అంచు కూడా పైకి ఎక్కుతూ ఉంటుంది. దానికి అంగుళం కింద ఆపండి. మీ లెక్కలో చంక కింద 3 అంగుళాలు, అంటే ఇంకో 10 రౌండ్లు సాదాగా అల్లి అంచు మొదలుపెడితే సరిపోతుందని నా అంచనా.

అంచుకి ప్యాటర్న్‌లో రిబ్ ఇచ్చి ఉంటారు, ఒక నిట్ ఒక పర్ల్. కాటన్‌లో రిబ్ నాలుగు ఉతుకులకు సాగి వేలాడుతుంది, పట్టి ఉంచే పని చేయదు. రిబ్బే కావాలంటే 3 మి.మీ. సూదికి మారి, మొదటి రౌండులోనే 8 కుట్లు సమానంగా తగ్గించి, నిట్ కుట్లను వెనక కాలి నుంచి అల్లండి. మెలి పడిన కుట్టు అంత తేలిగ్గా సాగదు. నాకైతే పొట్టి చేతికి గార్టర్ అంచు, ఒక రౌండు నిట్ ఒక రౌండు పర్ల్, ఆరు రౌండ్లు, అన్నిటికంటే నచ్చుతుంది. పైకి చుట్టుకోదు, బిగుసుకోదు, ఇస్త్రీ అడగదు. దానికి 3.25 సూది చాలు. కుట్లు మూసేటప్పుడు మాత్రం 4 మి.మీ. సూది కుడిచేతిలో పట్టుకుని వదులుగా మూయండి. అల్లిక అంతా లూజుగా చేసి, ఆఖరి అంచు బిగించేస్తే పడ్డ కష్టమంతా అక్కడే పోతుంది.

బుట్ట చేతులు పెట్టుకోవచ్చా అని ఇంకొకరు అడిగారు. కాటన్ అల్లికతో వద్దు. పట్టులంగా మీద జాకెట్‌కి బుట్ట నిలబడేది ఆ గుడ్డకున్న బిరుసు వల్ల, కింద పట్టీ బిగువు వల్ల. అల్లిక బరువుకి కిందికి వాలిపోతుంది, రెండో ఉతుకుకి జబ్బ మీద సంచిలా వేలాడుతుంది.

లేసు డిజైన్ మాత్రం తప్పకుండా పెట్టుకోండి, మన వాతావరణానికి అంతకంటే మంచిది లేదు. కాకపోతే ఎక్కడ పెట్టాలో చూసుకోవాలి. షార్ట్ రోస్ ఉన్న భుజం వంపులో పెడితే లెక్క తప్పుతుంది. చంక కింద పెడితే ఒరుసుకుని నూగు లేచి చిల్లులు పెద్దవవుతాయి. వంపు, తగ్గింపులు అయ్యాక మిగిలిన 10 రౌండ్లూ అంచూ దానికి చోటు. చాలా పాతదైన ఒక అలల డిజైన్ ఉంది, 18 కుట్లకు ఒక అల. రెండేసి కలిపి మూడుసార్లు, తర్వాత దారం సూది మీద వేసి ఒక కుట్టు, ఇట్లా ఆరుసార్లు, మళ్ళీ రెండేసి కలిపి మూడుసార్లు. ఇది ఒక రౌండు. దాని తర్వాత ఒక పర్ల్ రౌండు, రెండు నిట్ రౌండ్లు, మళ్ళీ అలల రౌండు. మీరు 86 దాకా తగ్గించకుండా నాలుగు తగ్గింపులతో 90 దగ్గర ఆగితే సరిగ్గా అయిదు అలలు వస్తాయి. అంచు దానంతటదే వంపులు తిరుగుతుంది కాబట్టి వేరే అంచు అక్కర్లేదు, ఒక పర్ల్ రౌండు అల్లి మూసేయండి. లేసు అల్లిక సాదా అల్లిక కంటే అడ్డంగా ఎక్కువ పరుచుకుంటుంది, కాబట్టి 90 కుట్లు 16.4 కంటే ఎక్కువే వస్తాయి. చిన్న ముక్క అల్లి, ఉతికి కొలుచుకుంటే ఎంత ఎక్కువో తెలుస్తుంది. మరీ వదులు అనిపిస్తే లేసు భాగానికి ఒక సైజు చిన్న సూది వాడండి.

వైరు ఉన్న గుండ్రటి సూదులు దొరకలేదు, నిటారు సూదులే ఉన్నాయి అనేవాళ్ళు ఇదే పని అటూ ఇటూ వరసలుగా చేసుకోవచ్చు. చంక మధ్యలో మొదలుపెట్టి కుట్లు ఎత్తి, రెండు చివర్లా ఒక్కో కుట్టు అదనంగా ఉంచుకుని, ఆఖర్న చేయి కింద జాయింటు కుట్టేయాలి. ఆ జాయింటు సరిగ్గా చంక కింద ఉంటుంది కాబట్టి ముడులు అక్కడ వేయకండి. దారం చివరలు జాయింటు దాటించి అల్లికలో మూడు నాలుగు అంగుళాలు దూర్చండి. కాటన్ జారుడు దారం, పొట్టి చివరలు రెండు ఉతుకులకు బయటికొస్తాయి.

ఆఖర్న దారం లెక్క. మీరు గేజ్ కోసం అల్లిన 4 అంగుళాల నమూనా ముక్కని వంటింటి డిజిటల్ త్రాసులో తూచండి. ఈ రకం దారంలో 4 గ్రాముల చుట్టూ ఉంటుందనుకుందాం. వంపు, 3 అంగుళాల చేయి, అంచు కలిపితే ఒక చేతికి సుమారు 90 చదరపు అంగుళాల అల్లిక. మీ ముక్క 16 చదరపు అంగుళాలు. అంటే అయిదున్నర ముక్కలు, 22, 23 గ్రాములు. కుట్లు ఎత్తడానికి, చివరలకు పోయేది కలుపుకుని 30 అనుకోండి. రెండు చేతులకు 60. మీ దగ్గరున్న 100 గ్రాములు హాయిగా సరిపోతాయి. ప్యాటర్న్ ప్రకారం మోచేతి దాకా పోతే ఒక్కో చేతికి ఇంకో 20 గ్రాములు, అంటే సరిగ్గా 100. అది ప్రమాదం, మెడ అంచుకు కూడా మిగలదు. మెడ అంచు ఇంకా వేయలేదంటే, ముందు అది పూర్తి చేసి అప్పుడు చేతులు మొదలుపెట్టండి.

ఒక చేయి పూర్తిగా అల్లేసి రెండోదానికి పోకండి. ఒక్కో ఉండని ఒక్కో చేతికి పెట్టుకుని, కుడి చేతి వంపు అయ్యాక ఎడమ చేతి వంపు, తర్వాత రెండింటి తగ్గింపులు, ఇట్లా దశలవారీగా పోతే రెండూ ఒక్కలా వస్తాయి. దారం తగ్గుతున్నట్టు తెలిస్తే రెండింటినీ ఒకే చోట ఆపొచ్చు. తగ్గి మళ్ళీ కొనాల్సి వస్తే, ఉండ మీది కాగితంలో రంగు నంబరుతో పాటు లాట్ నంబరు (ఏ విడతలో రంగు వేశారో చెప్పేది) కూడా కలవాలి. అది కలవకపోతే అదే రంగులో వెతకడం మానేసి, అంచు రెండు చేతులకూ, మెడకూ వేరే రంగులో వేసేయండి. ముదురు రంగు అయితే అల్లే ముందే ఒక మూర దారం తడిపి, తెల్ల గుడ్డ మీద పెట్టి వేడి ఇస్త్రీ పెట్టె ఆన్చండి. గుడ్డకు రంగు అంటితే ఆ దారం వద్దు, చెమటకు బాడీ మీదికి దిగుతుంది.